నేలమీద పుట్టించిన పెనుగాలి

క్రొత్త బండి కొన్నవాడు తొలినాడే నిండు బరువు వేయడు. ఇరుసు ఓర్చునో లేదో, చక్రము సరిగా తిరుగునో లేదో ముంగిటనే చూచుకొని, ఆ తరువాత దారి పట్టును. దారిలో బండి ఆగినచో దిగి సవరించుకొనవచ్చును. ఆకాశములో విమానపు ఇంజను ఆగినచో ఆ వెసులుబాటు లేదు. అందుచేతనే ప్రతి ఇంజనును ఎగురుటకు ముందు నేలమీద బిగించి, గంటల తరబడి నడిపి చూచుట ఆచారమైనది.

అయితే ఒక జాతి ఇంజను కలదు. అది నిలుకడగానున్న గాలిలో పనిచేయదు. ధ్వనికంటె అయిదారు రెట్ల వేగముతో దూసుకొనిపోవుచున్నప్పుడే అది ఊపిరి పీల్చును. వేగము లేనిదే అది నడువదు. అది నడువనిదే దాని గుణదోషములు తెలియవు. ఇట్టి యంత్రమును నేలకు బిగించి పరీక్షించుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో అరువది ఏండ్లకు పైగా గడచినవి. ఆ వెదకులాట కథను మా శ్రోతలకు ఇచ్చట విన్నవింపదలచినాము.

ఏటిలో పడవ నడచుచుండగా నీరు దానిని ఒరసికొని పోవును. పడవను రాటకు కట్టివేసి, నీటిని పారనిచ్చినను ఒరిపిడి అదే. గాలికిని ఇదే న్యాయము. విమానము కదలక నిలిచి, గాలియే దానిపై వీచినచో, విమానము ఎగిరినప్పటి ఫలితములే కనబడును. ఈ సూత్రము ననుసరించి 1871లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ వెన్‌హామ్ అను ఇంజనీరు మొదటి గాలి సొరంగమును నిర్మించెను. పొడవైన గొట్టములోనికి ఆవిరియంత్రముతో తిరుగు పంకా గాలిని తోలుచుండగా, ఏటవాలుగా నిలిపిన పలకలపై ఆ గాలి చూపు బలమును అతడు కొలిచెను. 1901లో అమెరికాలో రైటు సోదరులు తమ గ్లైడరు లెక్కలలో చెప్పినంత ఎత్తుడు బలము చూపకపోవుటచే, ఆ లెక్కలనే శంకించి, ఒక కొయ్యపెట్టెతో చిన్న సొరంగమును తయారుచేసికొనిరి. అందులో సుమారు రెండు వందల రెక్కల నమూనాలను పరీక్షించిరి. 1903లో వారి విమానము గాలిలోనికి లేచినదన్న, అందులో ఆ కొయ్యపెట్టె పుణ్యము చాల కలదు.

ఆనాటి గాలి మందగమనముది. మన కథలోని గాలి వేరు. ధ్వనితోనే బ్రతుకువారము గనుక దాని వేగము మాకు పరిచితమే. సముద్రమట్టమున, 15 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణమున ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. ఎర్నెస్ట్ మాక్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు 1880 దశకములో తుపాకి గుండు ముందు గాలి ముడుచుకొని ఏర్పడు అఘాత తరంగమును ఛాయాచిత్రములో పట్టి చూపెను. అతని పేరనే వేగమును మాక్ సంఖ్యలలో చెప్పుచున్నారు. ధ్వనితో సమాన వేగము మాక్ 1. దానికి అయిదు రెట్లు మాక్ 5. అంతకు మించిన వేగమునకు హైపర్‌సానిక్ అని పేరు.

సాధారణమైన జెట్ ఇంజనులో ముందు భాగమున తిరుగు చక్రములు గాలిని అణచి లోనికి పంపును. వేగము బాగుగా హెచ్చిన పిమ్మట ఆ చక్రములతో పని లేదు. ఎదురుగా వచ్చు గాలి తన తాకిడి చేతనే నొక్కుకొనిపోవును. ఈ పద్ధతిని పాటించు ఇంజనుకు రాంజెట్ అని పేరు. ఫ్రెంచి ఇంజనీరు రెనే లోరాన్ 1913లోనే ఈ భావమును ప్రకటించెను. 1949లో రెనే లెడ్యూక్ నిర్మించిన రాంజెట్ విమానము ఫ్రాన్సులో ఎగిరినది. కాని రాంజెట్ లోనికి వచ్చిన గాలి ధ్వనికంటె తక్కువ వేగమునకు దిగవలెను. మాక్ 6 ప్రాంతమున గాలిని అంతగా నిలువరించినచో అది విపరీతముగా వేడెక్కి, ఇంధనము మండినందువలన కలుగు లాభము హరించుకొనిపోవును. గాలిని ఆపకుండ, ధ్వనిని మించిన వేగముతోనే లోపల పారనిచ్చి, ఆ ప్రవాహములోనే ఇంధనమును మండించినచో? ఆ ఇంజనుయే స్క్రాంజెట్. 1958లో అమెరికాలోని రిచర్డ్ వెబర్, జాన్ మెకే అనువారు దీని గుణములను లెక్కలు కట్టి ఒక పత్రము వెలువరించిరి.

కాగితముమీద లెక్క తేలికగా కుదిరినది. ఇంజను లోపల సంగతి వేరు. గాలి ఆ గొట్టమును దాటుటకు పట్టు కాలము సెకనులో సుమారు వేయవవంతు. ఆ లోపుననే ఇంధనము గాలితో కలియవలెను, అంటుకొనవలెను, పూర్తిగా మండవలెను. గాలిలో దీపము పెట్టి, దేవుడా నీదే భారము అన్న సామెత మనకు కలదు. ఇచ్చట ఇంజనీర్లు ఆ భారమును తామే మోయవలసి వచ్చినది.

ఇక నేలమీద ఆ గాలిని పుట్టించుటలోని చిక్కు చూడుడు. ముప్పది కిలోమీటర్ల ఎత్తున గాలి చల్లనిది, పలుచనిది. దాని ఉష్ణము సున్నకు దిగువ సుమారు 46 డిగ్రీలు. ఆ గాలిని మాక్ 7 వేగముతో తాకిన వస్తువు ముంగల అది నిలిచిపోయి 1,800 డిగ్రీలు దాటి కాగును. ఇనుము కరగుటకు 1,540 డిగ్రీలు చాలును. నేలమీద సొరంగములోని ఇంజను ఈ వేడిని చవిచూడవలెనన్న, గాలిని ముందుగానే అంత వేడికి కాచి, గొప్ప ఒత్తిడితో సన్నని మెడగల గొట్టము గుండ వదలవలెను. కాచకుండ వదలినచో, వేగము పుంజుకొనుచు వ్యాకోచించిన గాలి చల్లబడి ద్రవముగా మారును. అంతటి వేడిని, ఒత్తిడిని ఎడతెగక అందించుటకు కావలసిన శక్తి అపారము. కావున వాయువును గంటల తరబడి సీసాలలో నింపి, కొద్ది సెకనులలోనో నిమిషములలోనో వదలివేయుదురు.

గాలిని కాచుటకు ముఖ్యముగా మూడు దారులు దొరకినవి. ప్రతి దారిలోను ఏదో ఒకటి వదలుకొనక తప్పలేదు.

మొదటిది, రాతినో గ్రాఫైటునో ఎఱ్ఱగా కాచి, వాయువును దానిమీదుగా పోనిచ్చుట. వేడి ఇసుకలో శనగలు వేయించినట్లు, కాగిన పదార్థము తన వేడిని వాయువునకు ఇచ్చును. గాలి శుభ్రముగా ఉండును. కాని కాగిన పదార్థము ఓర్చుకొను వేడికి ఒక హద్దు కలదు.

రెండవది, గాలిలోనే ఇంధనమును మండించి ఆ గాలిని వేడిచేయుట. ఇది చవుక, తేలిక. అయితే మంటలో ప్రాణవాయువు ఖర్చయిపోవును. దానిని మరల చేర్చి, నూటికి ఇరువది యొకటి పాళ్లకు సరిచేయుదురు. అయినను మంట వలన పుట్టిన నీటియావిరి, బొగ్గుపులుసు వాయువు అందులో మిగిలిపోవును. ఆకాశమున ముప్పది కిలోమీటర్ల ఎత్తున నీటియావిరి దాదాపు లేదు. కల్తీ పాలతో తోడువేసి, మంచి పాలు ఎట్లు పేరుకొనునో చెప్పవలసివచ్చిన ఇల్లాలి స్థితి ఇది.

మూడవది అఘాత సొరంగము. ఇందులో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు రేమండ్ స్టాకర్ పేరు ప్రసిద్ధము. పొడవైన గొట్టములో బరువైన ముషలకమును తుపాకి గుండువలె తోలుదురు. అది ముందున్న తేలిక వాయువును నొక్కివేయగా ఒక లోహపు రేకు పగిలి, అఘాత తరంగము పుట్టి, పరీక్షకు నింపిన గాలిని క్షణములో కాచివేయును. ఈ పద్ధతిలో మిగిలిన రెండింటికి అందని వేగములు చిక్కును. కాని ఆ గాలి నిలుచునది సెకనులో కొన్ని వేయవవంతులు మాత్రమే. కనురెప్ప పాటులో వందవవంతు అనవచ్చును. ఇంజను లోహము వేడెక్కుటకు కూడ ఆ వ్యవధి చాలదు.

వేగము, వేడి, శుద్ధి, వ్యవధి: ఈ నాలుగును ఒక్కచోట కూడిన సొరంగము అప్పుడు లేదు. ఒక చోట దొరకినది వేరొక చోట దొరకదు. ఈ కథలోని అసలు చిక్కు ఇదియే. తాము పుట్టించిన గాలి నిజమైన గాలి కాదని ఎరిగియుండి, దాని సాక్ష్యమును ఎంతవరకు నమ్మవచ్చునో తేల్చుకొనవలసి వచ్చినది.

1964లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఒక హైపర్‌సానిక్ పరిశోధన ఇంజనును తలపెట్టినది. ఉదజని దాని ఇంధనము. పెద్ద విమానపు రెక్కక్రిందినుండి వదలిన పిదప రాకెట్టు బలముతో ఎగురు ఎక్స్-15 అను విమానము వారికి అప్పుడు కలదు. దాని తోక క్రింద ఈ ఇంజనును వ్రేలాడగట్టి ఎగురవేయుట వారి ఆలోచన. ముందుగా, లోపల మంట లేని ఉత్త బొమ్మ ఇంజనును కట్టి చూచిరి. 1967 అక్టోబరు 3వ తేదీన విలియం నైట్ అను వైమానికుడు ఆ విమానమును మాక్ 6.7 వేగమునకు, అనగా గంటకు సుమారు 7,270 కిలోమీటర్లకు తీసికొనిపోయెను. ఎక్స్-15 విమానములు సాధించిన వేగములలో అదే అత్యధికము.

నైట్ క్షేమముగా దిగెను. విమానము మాత్రము అంత క్షేమముగా లేదు. బొమ్మ ఇంజను ముక్కునుండి పుట్టిన అఘాత తరంగములు, దానిని మోయు కమ్మిని తాకినచోట లోహము కాలి రంధ్రములు పడినవి. బొమ్మ ఇంజను ఆకాశముననే ఊడి పడిపోయినది. లోపల నిప్పు లేకుండగనే ఇంత దహనము జరిగినది. ఆ విమానము మరల ఎగురలేదు. ఆ మరుసటి నెలలోనే వేరొక ఎక్స్-15 కూలి, మైకేల్ ఆడమ్స్ అను వైమానికుడు ప్రాణము కోల్పోయెను. ఆ ప్రమాదమునకు ఇంజను ప్రయోగముతో సంబంధము లేదు. అయినను ఇట్టి వేగములలో ఒక పొరపాటు వెల ఎంతటిదో అది లోకమునకు తెలిపినది. 1968లో ఎక్స్-15 ప్రయాణములు ముగిసినవి. మోయు విమానము లేక ఇంజను నేలమీదనే మిగిలిపోయినది.

నేలమీద మిగిలిపోయిన ఆ ఇంజనుయే తరువాత గొప్ప పాఠము చెప్పినది. దానిని రెండు నమూనాలుగా చేసిరి. ఒకటి వేడిని ఓర్చుకొను నిర్మాణమును పరీక్షించుటకు. చల్లని ఉదజనిని దాని గోడల లోపల పారించి, వర్జీనియాలోని లాంగ్లీ కేంద్రమున, ఎనిమిది అడుగుల వ్యాసముగల ఉష్ణసొరంగములో నిలిపిరి. రెండవది మంటను పరీక్షించుటకు. అది ఒహాయో రాష్ట్రములోని ప్లంబ్రూక్ కేంద్రమునకు చేరినది.

ప్లంబ్రూక్‌లోని ఏర్పాటు ముచ్చటైనది. అచ్చట గ్రాఫైటు దిమ్మెలను విద్యుచ్ఛక్తితో కాచుదురు. గాలిని నేరుగా వానిమీద పోనిచ్చినచో అందలి ప్రాణవాయువు గ్రాఫైటును దహించివేయును. కనుక నత్రజనిని మాత్రమే పోనిచ్చి కాచి, అటుపిమ్మట చల్లని ప్రాణవాయువును తగుపాళ్లలో కలిపి, కృత్రిమముగా గాలిని తయారుచేసిరి. అందులో మంటలవలన పుట్టు నీటియావిరి లేదు. 1973, 1974 సంవత్సరములలో ఇంజనును ఆ గాలిలో మాక్ 5, 6, 7 వేగముల వద్ద నడిపి చూచిరి.

ధ్వనిని మించిన ప్రవాహములో ఉదజని నిలుకడగా మండినది. ఇంజను లోపల ముందుకు నెట్టు బలము పుట్టినది. కాని వేరొక నిజము కూడ బయటపడినది. గుండ్రని పీపావలె విడిగా వ్రేలాడు ఆ ఇంజను పైతొడుగును గాలి వెనుకకు లాగు బలము, లోపల పుట్టిన బలములో పెద్ద భాగమును మ్రింగివేయును. ఇంజనును విమానమునకు తగిలించుట కాదు, విమానపు పొట్టయే ఇంజను నోరు కావలెనని నిర్మాతలు గ్రహించిరి. విమానము ముందుభాగము గాలిని నొక్కి ఇంజనులోనికి పంపును. వెనుకభాగము వెడలు వాయువునకు దారియగును. ఎగురని ఆ ఇంజను తరువాతి ఇంజనుల రూపమునే మార్చివేసినది.

1986లో అమెరికా అధ్యక్షుడు రేగన్ రెండు గంటలలో టోకియో చేర్చు విమానమును గూర్చి ప్రకటించెను. ఎక్స్-30 అను ఆ విమానము రన్‌వేమీదనుండి లేచి నేరుగా భూకక్ష్యను చేరవలెనని పథకము. అందుకు మాక్ 25 వేగము కావలెను. నేలమీద నిండు ఇంజనును కొంతసేపు నడిపి చూడగల వేగము మాక్ 8 ప్రాంతముననే ఆగిపోయినది. ఆపైన గణకయంత్రముల అంచనాలే గతి. ఆ అంచనాలను సరిచూచుటకు కొలతలు లేవు. ఖర్చు పెరిగినది, సంశయము తరుగలేదు. 1990 దశకపు తొలి యేండ్లలోనే ఆ పథకమును మానివేసిరి. అయితే ఆ ప్రయత్న కాలముననే లాంగ్లీలోని ఎనిమిది అడుగుల సొరంగమునకు ప్రాణవాయువు చేర్చు ఏర్పాటు అమర్చిరి. అది మున్ముందు అక్కరకు వచ్చినది.

నేలమీది సాక్ష్యమునకు ఆకాశపు సాక్ష్యము తోడగుటకు నూతన శతాబ్దము రావలసి వచ్చినది. ఆస్ట్రేలియాలో స్టాకర్ నెలకొల్పిన సంప్రదాయమున బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌లాండు విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఒక చిన్న స్క్రాంజెట్ గొట్టమును తమ అఘాత సొరంగములో పరీక్షించి, అట్టిదానినే రాకెట్టుకు తగిలించి పైకి పంపిరి. 2001లో తొలి ప్రయత్నము విఫలమైనది. 2002 జులై 30వ తేదీన వూమెరా ప్రయోగస్థలమునుండి లేచిన రెండవది, మూడువందల కిలోమీటర్లకు పైగా ఎగసి, తలక్రిందుగా దూకుచు మాక్ 7.6 వేగము వద్ద కొద్ది సెకనులు పరీక్ష జరిపినది. ఆ దూకుడులో కొలిచిన ఒత్తిడులను సొరంగములో కొలిచిన ఒత్తిడులతో పోల్చి చూచిరి. సెకనులో కొన్ని వేయవవంతుల గాలి చెప్పిన మాటకు ఆకాశము సాక్ష్యమిచ్చినది.

అమెరికాలో ఎక్స్-43 అను పండ్రెండు అడుగుల పైలటు లేని విమానమును సిద్ధపరచిరి. 2001 జూన్ 2వ తేదీన మొదటిది మోయు రాకెట్టు అదుపు తప్పుటచే నష్టమైనది. ఇంజను వెలిగించు అవకాశమే కలుగలేదు. రాకెట్టు నియంత్రణకై వేసిన లెక్కలలోని నమూనాలు సరికావని విచారణలో తేలినది. 2004 మార్చి 27వ తేదీన రెండవది మాక్ 6.8 వేగమున తన ఇంజనుతో ఎగిరినది. దాని ఇంజనును లాంగ్లీ సొరంగములో ముందే నడిపి చూచియుండిరి. అదే సంవత్సరము నవంబరు 16వ తేదీన మూడవది మాక్ 9.6 వేగమునందుకొన్నది. అంతటి వేగమును నిమిషములపాటు ఇచ్చు సొరంగము లేనందున, ఆ ఇంజనుకు నేలమీద దొరకిన అనుభవము అఘాత సొరంగపు క్షణికమైన గాలి మాత్రమే. ఆకాశములో అది సుమారు పది సెకనులు మండినది. క్షణమును చూచి పది సెకనులను నమ్మిన ఆ సాహసము వెనుక నలుబది ఏండ్ల కొలతలు కలవు.

2013 మే 1వ తేదీన ఎక్స్-51 అను మరియొక వాహనము మాక్ 5.1 వేగమున రమారమి మూడున్నర నిమిషములు నడచినది. ఇందులో ఉదజని కాక కిరోసిను జాతికి చెందిన ఇంధనమును వాడిరి. మండుటకు ముందు ఆ ఇంధనమే గోడలలో ప్రవహించి ఇంజనును చల్లబరచును. ఈ ఇంజనును కూడ ముందు లాంగ్లీ సొరంగమున పరీక్షించియుండిరి.

ఈ కథ మన ఇండ్లకు దగ్గరగా కూడ వచ్చినది. 2016 ఆగస్టు 28వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోటనుండి భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఒక రాకెట్టుకు ఇరుప్రక్కల రెండు స్క్రాంజెట్‌లను అమర్చి పంపినది. అవి మాక్ 6 వేగమున అయిదు సెకనులు మండినవి. హైదరాబాదులోని రక్షణ పరిశోధన ప్రయోగశాల రూపొందించిన వాహనము 2020 సెప్టెంబరు 7వ తేదీన ఒడిశా తీరమునందలి అబ్దుల్ కలాం ద్వీపమునుండి లేచి, ముప్పది కిలోమీటర్ల ఎత్తున మాక్ 6 వేగముతో ఇరువది సెకనులకు పైగా స్క్రాంజెట్ బలమున సాగినది. అదే సంవత్సరము డిసెంబరులో మీటరు వ్యాసము గల నోరుతో, మాక్ 5 మొదలు 12 వరకు గాలిని తోలగల సొరంగము హైదరాబాదులో ప్రారంభమైనది.

2025 జనవరిలో ఆ నగరముననే, గోడలను ఇంధనముతో చల్లబరచుకొను స్క్రాంజెట్ దహనశాలను 120 సెకనులు మండించిరి. ఏప్రిల్ 25వ తేదీన అట్టి చిన్న తరహా దహనశాల ఒకటి 1,000 సెకనులకు పైగా మండినది. ఈ పరీక్షలో ఇంజను నోటిభాగము ఉండదు. కాచిన గాలిని గొట్టముతో దహనశాలకు నేరుగా కలిపి పంపుదురు. ముందుభాగము అఘాత తరంగములతో ఎట్లు వేగునో ఇందులో తెలియదు. మంట నిలుచునా, గోడలు ఓర్చునా అన్నది మాత్రము నిలుకడగా తెలియును. శ్రీహరికోటలోని అయిదు సెకనులను, హైదరాబాదులోని వేయి సెకనులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ఆకాశము చెప్పునది ఏమి, నేల చెప్పునది ఏమి అన్న భేదము విశదమగును. ఒకదానిలో గాలి నిజమైనది, వ్యవధి స్వల్పము. రెండవదానిలో వ్యవధి నిండైనది, గాలి మనుష్యులు చేసినది.

ఈ ఇంజనులవలన రాబోవునది దూరదేశముల ప్రయాణమా, చవుకగా ఉపగ్రహములను పంపు సాధనమా, లేక మరింత వేగముగల క్షిపణియా? ఇంతవరకు ధనము ఎక్కువగా చివరి దానికొరకే వెచ్చింపబడినదని చెప్పక తప్పదు. స్క్రాంజెట్‌తో నడచు విమానమున ప్రయాణికుడు ఇంకను కూర్చుండలేదు. ఏనాటికైనను కూర్చుండినచో, అతని క్షేమమునకు పూచీపడవలసినది ఈ సొరంగములే.

ఏ సొరంగమును నిజమంతా చెప్పదని ఈ చరిత్ర తెలుపుచున్నది. ఒకటి వేడిని గూర్చి, ఒకటి మంటను గూర్చి, ఒకటి వేగమును గూర్చి సాక్ష్యము పలుకును. ఏ సాక్షి ఎంతవరకు చూచెనో గుర్తుపెట్టుకొని, చూడనిదానిని చూచినట్లు చెప్పింపకుండుటయే న్యాయాధిపతి పని. ఆ నియమము తప్పినచోట పథకములు కుంటుపడినవి; దానిని పాటించినచోట పది సెకనుల మంటయైనను ఆకాశమున నిలిచినది.